అవార్డు నామినీ క్వీర్ టీన్ నవలలు: ఏడాది గ్రూప్ రీడింగ్ ఛాలెంజ్ – నియమాలు, జాబితా, సందేహాలు (బెంగళూరు తెలుగువాళ్లకి)

ఊదా_లైన్ (నిర్వహణ)
జనవరి నుంచి డిసెంబరు దాకా నడిచే ఛాలెంజ్‌కి ముసాయిదా ఇది. అభ్యంతరాలుంటే ఇక్కడే చెప్పండి, తర్వాత వాట్సాప్‌లో మొదలుపెట్టొద్దు.

ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) పాత్ర కథకి కేంద్రంలో ఉండాలి. పక్కన ఒక గే స్నేహితుడు ఉంటే చాలదు. టీన్ పాఠకుల కోసం వచ్చిన నవలై ఉండాలి. ఏదైనా జ్యూరీ అవార్డులో లాంగ్‌లిస్ట్ (తొలి వడపోత జాబితా), ఫైనలిస్ట్, ఆనర్ (విజేత తర్వాతి గుర్తింపు), విజేతల్లో ఏదో ఒక మెట్టు ఎక్కి ఉండాలి. లక్ష్యాలు మూడు: 4, 8, 12 పుస్తకాలు. చదివిన ఒక్కో పుస్తకానికి లెక్క పట్టికలో ఒక గడి నిండుతుంది. మధ్యలో పెంచుకోవచ్చు, తగ్గించుకున్నా ఎవరూ ఏమీ అనరు. నెలకొక ఉమ్మడి పుస్తకం, నెలాఖరు ఆదివారం చర్చ. ఉమ్మడి పుస్తకం కూడా మీ లెక్కలోకే వస్తుంది.

నామినీ అంటే ఏది అన్న దగ్గరే ప్రతిసారీ పేచీ. ముందు అది తేలుద్దాం.

జాబితా_జగమొండి
తేల్చడం కష్టమేం కాదు. ఒక్కో అవార్డు తీరు ఒక్కోలా ఉంటుంది, అది తెలియకే తగవు.

స్టోన్‌వాల్: ఎల్‌జీబీటీ పుస్తకాలకి అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఇచ్చేది. అవార్డు 1971 నుంచి ఉన్నా పిల్లలకీ టీనేజర్లకీ వేరే విభాగం వచ్చింది 2010లో. దీనికి షార్ట్‌లిస్ట్ ఉండదు. జనవరిలో విజేతనీ ఆనర్ పుస్తకాలనీ ఒకేసారి ప్రకటిస్తారు. కాబట్టి "స్టోన్‌వాల్ నామినీ" అని ఎవరైనా రాస్తే అది ఆనర్ అయ్యుండాలి, లేదా ఉత్త మాట.

లాంబ్డా: ఇదీ ఎల్‌జీబీటీ పుస్తకాలకే, 1989 నుంచి. ఫైనలిస్టుల జాబితా ముందు వస్తుంది, విజేతలు తర్వాత. ఇప్పుడు చిన్నపిల్లలకీ టీన్‌కీ విడివిడి విభాగాలు, పాత ఏళ్లలో రెండూ కలిసే ఉండేవి. పాత జాబితా నుంచి తీసుకుంటే పుస్తకం ఏ వయసు వారిదో విడిగా చూసుకోవాలి.

నేషనల్ బుక్ అవార్డ్: అమెరికాది. యువ పాఠకుల విభాగంలో సెప్టెంబరులో 10 పుస్తకాల లాంగ్‌లిస్ట్, అక్టోబరులో 5 ఫైనలిస్టులు, నవంబరులో విజేత. లాంగ్‌లిస్ట్ పద్ధతి 2013లో మొదలైంది, అంతకు ముందు ఫైనలిస్టులే.

ప్రింట్జ్: 2000 నుంచి. టీన్ సాహిత్యానికే ఇస్తారు, ఒక విజేత, నాలుగు దాకా ఆనర్లు. మారిస్: టీన్ పాఠకులకి రాసిన తొలి పుస్తకానికి మాత్రమే. ఫైనలిస్టులు డిసెంబరులో, విజేత జనవరిలో.

చివరి రెండూ ఎల్‌జీబీటీ అవార్డులు కావు, ఆ మాటకొస్తే నేషనల్ బుక్ అవార్డ్ కూడా కాదు. అయినా మనకి పనికొచ్చే పుస్తకాలు వీటిలో చాలానే దొరుకుతాయి.

అనంతపురం_బస్సు
ఏమప్పా, గుడ్‌రీడ్స్ ఛాయిస్‌లో నామినీ అని రాసుంటాది గదా, అది లెక్కకు రాదా? రెయిన్‌బో బుక్ లిస్ట్ సంగతేంది మరి?

జాబితా_జగమొండి
రాదన్నా. గుడ్‌రీడ్స్ ఛాయిస్ పాఠకుల ఓటింగ్. జ్యూరీ కూర్చుని చదివి ఎంచింది కాదు. రెయిన్‌బో బుక్ లిస్ట్ కూడా లైబ్రరీ అసోసియేషన్ వాళ్లదే, మంచి జాబితా, పుస్తకాలు వెతుక్కోవడానికి దాన్ని మించింది లేదు. కానీ అది సిఫార్సుల పట్టిక, అవార్డు కాదు. ఒక్కో ఏడాదిలో అంత పెద్ద పట్టికని నామినేషన్ అనుకుంటే ఛాలెంజ్‌లో ఛాలెంజ్ ఏముంది?

ఇంకోటి. ప్రచురణకర్త ఫీజు కట్టి పోటీకి పంపినంత మాత్రాన పుస్తకం నామినీ అయిపోదు. అట్ట వెనక "ఫలానా అవార్డుకి నామినేట్" అని ఉన్నా సరే, ఆ అవార్డు సొంత సైట్లో ఆ ఏడాది పేజీ తెరిచి పేరు కనిపిస్తేనే రాయండి. అట్ట మీది గుండ్రటి స్టిక్కర్ని కూడా దగ్గరగా చూడండి, బంగారు రంగుదీ వెండి రంగుదీ వేరు.

అట్ట_చూడను
ఏడాది విషయం కూడా నియమంలో పెట్టండి. ప్రచురణ సంవత్సరం వేరు, అవార్డు సంవత్సరం వేరు. మలిండా లో రాసిన 'లాస్ట్ నైట్ ఎట్ ద టెలిగ్రాఫ్ క్లబ్' 2021 జనవరిలో వచ్చింది. నేషనల్ బుక్ అవార్డ్ గెలిచింది 2021కే, స్టోన్‌వాల్ మాత్రం 2022ది, ప్రింట్జ్ ఆనర్ కూడా 2022. ఒకే పుస్తకం రెండు ఏళ్ల గడుల్లో కనిపిస్తుంది. 'అరిస్టాటిల్ అండ్ డాంటే డిస్కవర్ ద సీక్రెట్స్ ఆఫ్ ద యూనివర్స్' 2012లో వచ్చి 2013లో స్టోన్‌వాల్, ప్రింట్జ్ ఆనర్, పురా బెల్‌ప్రే (లాటినో రచయితలకిచ్చే అవార్డు) తెచ్చుకుంది. "ఒక్కో ఏడాది నుంచి ఒకటి" అనే గడి ఉంటే ఏ ఏడాది రాయాలో మొదటే తేల్చండి.

ఊదా_లైన్
అవార్డు వాళ్లు చెప్పిన ఏడాదే. ఒక పుస్తకం ఎన్ని అవార్డుల్లో ఉన్నా ఒకే గడి నింపుతుంది, ఏ గడో చదివినవాళ్ల ఇష్టం.

లైబ్రరీ_మెట్లు
అవార్డు పేజీ చూసి గుడ్డిగా ఎత్తుకొస్తే తప్పు వచ్చే పుస్తకాలు కొన్ని ఉన్నాయి.

'ద 57 బస్' 2018 స్టోన్‌వాల్ విజేత. పేరు చూసి అందరూ నవల అనుకుంటారు. 2013లో ఓక్‌లాండ్‌లో సిటీ బస్సులో ఒక విద్యార్థి బట్టలకి నిప్పంటించిన అసలు ఘటన మీద రాసిన వాస్తవ కథనం అది. కల్పన కాదు కాబట్టి మన లెక్కలో లేదు. చదవాల్సిన పుస్తకమే, విడిగా చదవండి.

అలెక్స్ జీనో 'జార్జ్' 2016 స్టోన్‌వాల్. అందులోని ట్రాన్స్ అమ్మాయి తనని తాను మెలిస్సా అనుకుంటుంది కాబట్టి రచయిత, ప్రచురణకర్త కలిసి పుస్తకం పేరే మార్చారు, 2022 నుంచి 'మెలిస్సా'గా వస్తోంది. పాత పుస్తకాల షాపులో ఒక పేరు, కొత్త షాపులో ఇంకో పేరు. రెండూ కొని రెండు గడులు నింపేస్తే కుదరదు. పైగా అది చిన్నపిల్లల నవల, టీన్ గడికి పట్టదు.

నేషనల్ బుక్ అవార్డ్‌లోనూ ఇదే చిక్కు. యువ పాఠకుల విభాగమంటే ఎనిమిదేళ్ల వాళ్లవీ పదిహేడేళ్ల వాళ్లవీ కలిపే ఉంటాయి. 2020 విజేత 'కింగ్ అండ్ ద డ్రాగన్‌ఫ్లైస్' చాలా మంచి పుస్తకం, కానీ పన్నెండేళ్ల కుర్రాడి కథ. అదే రచయిత కేసన్ కాలెండర్ రాసిన 'ఫీలిక్స్ ఎవర్ ఆఫ్టర్' మాత్రం అసలైన టీన్ నవల, 2021 స్టోన్‌వాల్ ఆనర్. కేసన్ పేరు చూసి ఆర్డర్ పెట్టేముందు ఏ పుస్తకమో చూసుకోండి.

నెల్లూరు_చేపల_పులుసు
పాత పుస్తకాలకి గడి లేదేంటి? అంతా 2010 తర్వాతవే అయితే ఈ సాహిత్యం నిన్న మొన్న పుట్టిందనుకుంటారు.

జాబితా_జగమొండి
కారణం పైనే ఉంది. స్టోన్‌వాల్‌లో టీన్ విభాగం 2010 దాకా లేదు. అంతకు ముందు పుస్తకాలు కావాలంటే లాంబ్డా పాత జాబితాలు, నేషనల్ బుక్ ఫైనలిస్టులు తవ్వాలి. జూలీ ఆన్ పీటర్స్ 'లూనా' 2004 నేషనల్ బుక్ ఫైనలిస్టు, ట్రాన్స్ పాత్ర ఉన్న టీన్ నవల. చెల్లెలి గొంతులో నడుస్తుంది. ఇప్పటి పాఠకులకి అదే కాస్త ఇబ్బంది, ట్రాన్స్ అమ్మాయి మాట ఎప్పుడూ పక్కవాళ్ల నోటినుంచే వినిపిస్తుంది. 2016లో వచ్చిన 'ఇఫ్ ఐ వాజ్ యువర్ గర్ల్' పక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. అది ట్రాన్స్ రచయిత్రి మెరెడిత్ రూసో రాసింది, 2017 స్టోన్‌వాల్.

లైబ్రరీ_మెట్లు
నాన్సీ గార్డెన్ 'ఆనీ ఆన్ మై మైండ్' సంగతి కూడా తేల్చాలి, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 1982 నవల. ఇద్దరమ్మాయిల ప్రేమ, విషాదంతో ముగియదు. ఆ రోజుల్లో అదే పెద్ద విశేషం. 1993లో కాన్సస్ సిటీలో దాని ప్రతిని తగలబెట్టారు. కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతా ఊళ్లో బడి లైబ్రరీల నుంచి తీసేస్తే విద్యార్థులు కోర్టుకెళ్లారు, 1995లో ఫెడరల్ కోర్టు పుస్తకాన్ని తిరిగి అల్మారాలో పెట్టమంది. రచయిత్రికి 2003లో మార్గరెట్ ఎడ్వర్డ్స్ అవార్డు వచ్చింది. కానీ అది టీన్ సాహిత్యానికి రచయిత చేసిన శాశ్వత కృషికి ఇచ్చేది, ఆ ఏడాది పుస్తకానికి నామినేషన్ కాదు. నియమం ప్రకారం బయటే. నా ఓటు మాత్రం దీనికోసం ఒక "పూర్వీకుల గడి" పెట్టమని.

ఊదా_లైన్
పెడదాం. 12 లక్ష్యంలో ఒక్క గడి, 2000కి ముందుది, అవార్డు షరతు లేదు.

అనంతపురం_బస్సు
అట్లయితే మన దేశం పుస్తకాలకూ ఒక గడి ఉండాల గదా?

లైబ్రరీ_మెట్లు
ఉండాలి, అది కూడా అవార్డు షరతు లేకుండా. ఇంగ్లీషులో టీన్ నవలలు రెండు గుర్తుపెట్టుకోండి, రెండూ 2014వే: హిమాంజలి శంకర్ 'టాకింగ్ ఆఫ్ ముస్కాన్', పాయల్ ధర్ 'స్లైట్లీ బర్న్ట్'. మొదటిదాంట్లో ముస్కాన్ ఆత్మహత్యాయత్నంతోనే కథ మొదలవుతుంది, మిగతాదంతా తోటి విద్యార్థులు చెప్తారు. ఉమ్మడి పుస్తకంగా పెడితే ఆ సంగతి ముందే చెప్పి పెట్టాలి. స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది, ఇవి అంతకు నాలుగేళ్ల ముందువి. ఆ భయం వాక్యాల్లో కనిపిస్తుంది.

తెలుగులో ఈ కోవలో టీన్ నవల కోసం చూస్తూ కూర్చోకుండా బోనస్ గడి ఒకటి వేయండి. ఎ. రేవతి గారి ఆత్మకథకి పి. సత్యవతి గారి అనువాదం 'ఒక హిజ్రా ఆత్మకథ', దానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. నవల కాదు, టీన్ పుస్తకమూ కాదు, కానీ అవార్డు ఉంది, తెలుగు ఉంది. కన్నడ చదవగలిగినవాళ్లకి వసుధేంద్ర 'మోహనస్వామి', 2013 కథలు. ఇంగ్లీషులోనూ దొరుకుతుంది.

మడివాళ_మెట్లు
పుస్తకాలు చేతులు మారే పద్ధతి చెప్తాను, లేకపోతే ఫిబ్రవరికే ఛాలెంజ్ ఆగిపోతుంది.

పదిహేను మంది, నెలకొక ఉమ్మడి పుస్తకం అనుకోండి. ఒక్కో ప్రతి నెలలో ముగ్గురి చేతులు మారితే 5 ప్రతులు చాలు. ఒక్కొక్కరికి 10 రోజులు, అందులో 2 రోజులు ఇచ్చిపుచ్చుకోవడానికే పోతాయి. మిగిలింది 8. 'టెలిగ్రాఫ్ క్లబ్' దాదాపు 400 పేజీలు, అంటే రోజుకి 50. ఆఫీసు ఉన్న రోజుల్లో అది అందరివల్లా కాదు. మొదటివాళ్లు మూడు రోజులు ఆలస్యం చేస్తే మూడోవాళ్లకి ఐదు రోజులే మిగుల్తాయి, చర్చకి వాళ్లు చదవకుండా వస్తారు, రెండు నెలల్లో రావడమే మానేస్తారు. గ్రూపులు చచ్చేది ఇక్కడే.

దానికి విరుగుడు: ఒక్కో పుస్తకానికి 45 రోజులు ఇవ్వండి. మార్చి పుస్తకం ఫిబ్రవరి 15నే తిరగడం మొదలవ్వాలి. ఈబుక్‌లో, ఆడియోలో చదివేవాళ్లని ముందే అడిగి వరస నుంచి తీసేయండి. 'అరిస్టాటిల్ అండ్ డాంటే' ఆడియో లిన్-మాన్యుయెల్ మిరాండా చదివాడు, బాగుంటుంది. పెద్ద పుస్తకం తర్వాత చిన్నది పెట్టండి. డీన్ ఆటా 'ద బ్లాక్ ఫ్లెమింగో' 2020 స్టోన్‌వాల్, పద్యరూపంలో రాసిన నవల, వారాంతంలో అయిపోతుంది. 'అరిస్టాటిల్' కూడా చిన్న చిన్న అధ్యాయాలు, అంతా సంభాషణలే, పేజీల సంఖ్య చూసి జడుసుకోనక్కర్లేదు.

ఇచ్చిపుచ్చుకునే చోటు మెట్రోలో టికెట్ గేటు బయట పెట్టుకోండి. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వాళ్లకి ఎంజీ రోడ్ స్టేషన్. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లు పసుపు లైన్లో ఆర్‌వీ రోడ్ దాకా వచ్చి అక్కడే ఇచ్చేస్తే మెజెస్టిక్‌లో దిగి మారే బాధ తప్పుతుంది.

కొనడానికి ముందు చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల అరలు చూడండి. ఫుట్‌పాత్ మీద పైరసీ ప్రతులు మాత్రం వద్దు, ధర తక్కువేగానీ మధ్యలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, వరసలో మూడోవాళ్ల దాకా వెళ్లాక అది బయటపడుతుంది. విదేశాల నుంచి రావాల్సిన పుస్తకాన్ని ఆ నెలలోనే ఆర్డర్ పెట్టి కూర్చోవద్దు, కనీసం రెండు నెలల ముందు.

తాళంచెవి
పుస్తకాల లెక్క బాగుంది. మనుషుల భద్రత లెక్క కూడా చూడండి. ఈ గ్రూపులో ఇంట్లో చెప్పనివాళ్లు ఉంటారు, అసలు తాము ఎవరన్నది ఇంకా తేల్చుకోనివాళ్లూ ఉంటారు. ఫలానావాళ్లు ఫలానా పుస్తకం చదువుతున్నారన్న ఒక్క ముక్క చాలు, ఇంట్లో గొడవకి.

లెక్క రాసుకునే పట్టిక గూగుల్ షీట్‌లో పెట్టి అందరికీ ఎడిట్ ఇచ్చేస్తుంటారు. ఖాతాలో లాగిన్ అయి ఉన్నవాళ్లు ఏ గడి ముట్టుకున్నా వెర్షన్ హిస్టరీలో పేరు పడుతుంది, మారుపేరుతో రాసినా దొరికిపోతారు. దానికి బదులు గూగుల్ ఫారం పెట్టి ఈమెయిల్ సేకరణ ఆపేయండి. సభ్యులు మారుపేరు, పుస్తకం, అవార్డు, ఏడాది నింపుతారు. షీట్ నిర్వాహకుల దగ్గరే ఉంటుంది, మిగతావాళ్లకి మొత్తాల పేజీ మాత్రం చూపించండి.

వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. కమ్యూనిటీ ప్రకటనల గ్రూపైతే సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. ప్రకటనలకి అది చాలు, చర్చ ఇక్కడే.

పుస్తకాల డబ్బులు యూపీఐలో వసూలు చేస్తే బ్యాంకులో ఉన్న పేరే తెర మీద పడుతుంది. కాగితాల మీద పేరు ఇంకా మార్చుకోని ట్రాన్స్ సభ్యులకి అది పాత పేరు బయటపెట్టడమే. నగదు తీసుకోండి. యూపీఐ తప్పదంటే ఒకరే తీసుకోండి, స్క్రీన్‌షాట్లు గ్రూపులో పెట్టమనకండి. నోట్ గడిలో పుస్తకం పేరు రాయొద్దు.

ఫొటోలు పుస్తకాలకే, మొహాలకి వద్దు. ఇది మర్యాద కోసం కాదు, నియమంగానే రాయండి.

అట్ట_చూడను
స్టోరీగ్రాఫ్ (చదివిన పుస్తకాల లెక్క రాసుకునే యాప్) వాడేవాళ్లకి ఒక మాట. అందులో ఛాలెంజ్‌ని గడులతో సహా కట్టుకోవచ్చు, గుడ్‌రీడ్స్ నుంచి పాత లెక్క ఫైలుగా దించి అక్కడికి ఎక్కించుకోవచ్చు. పాఠకులు రాసిన హెచ్చరికలు కూడా ఒక్కో పుస్తకం కింద ఉంటాయి. ప్రొఫైల్ ఎవరికి కనిపించాలో సెట్ చేశాకే ఎక్కించండి, తర్వాత కాదు.

నెల్లూరు_చేపల_పులుసు
హెచ్చరికలు మరీ ఎక్కువైపోతే కథ చెప్పేసినట్టే కదండీ. చదివే సరదా పోతుంది.

తాళంచెవి
రెండు వరసల్లో పెట్టండి. పై వరసలో అంశం మాత్రం: ఆత్మహత్యాయత్నం, కొట్టడం, బలవంతపు "చికిత్స", పాత పేరు బయటపెట్టడం. కింది వరసలో ఎక్కడ, ఎవరికి. కావాల్సినవాళ్లే తెరుస్తారు. 'ద మిసెడ్యుకేషన్ ఆఫ్ కామెరాన్ పోస్ట్' (2013 మారిస్ ఫైనలిస్టు) తీసుకోండి, ఆ అమ్మాయిని "మార్చే" శిబిరానికి పంపడం కథ రెండో సగమంతా ఉంటుంది. దాన్ని దాచిపెడితే సరదా కాదు, దెబ్బ. 'ఫీలిక్స్ ఎవర్ ఆఫ్టర్' మొదట్లోనే బడి గోడ మీద అతని పాత ఫొటోలు, పాత పేరుతో వేలాడతాయి. అది అందరికీ ఒకేలా చదవబుద్ధి కాదు.

జాబితా_జగమొండి
ఉమ్మడి పుస్తకాల వరసకి నా సూచన. 'సైమన్ వర్సెస్ ద హోమో సేపియన్స్ అజెండా'తో మొదలుపెట్టండి, 2016 మారిస్ విజేత, తేలిక, అందరూ పూర్తి చేస్తారు. రెండోది 'అరిస్టాటిల్'. 'టెలిగ్రాఫ్ క్లబ్' మే నెలలో, సెలవులుంటాయి. అది 1954 శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ కథ, మధ్యలో కాలపట్టికలు వస్తాయి. చాలామంది వాటిని తిప్పేస్తారు, తిప్పొద్దు. తండ్రి పౌరసత్వ కాగితాలు పట్టుకుపోవడం ఆ కుటుంబానికి ఎందుకంత భయమో ఆ పట్టికలు చదివితేనే ఎక్కుతుంది. ఎయిడెన్ థామస్ 'సెమెటరీ బాయ్స్' (2020 నేషనల్ బుక్ లాంగ్‌లిస్ట్) అక్టోబరుకి. కథ మెక్సికన్ల పితృదేవతల పండుగ దాకా నడుస్తుంది, మనకి అప్పుడే మహాలయం దాటి ఉంటుంది, మాట్లాడుకోవడానికి దొరుకుతుంది.

అక్టోబరు చర్చ కబ్బన్ పార్కులో పెట్టేటట్టయితే పైకప్పున్న చోటు ఇంకోటి ముందే చూసుకోండి. బెంగళూరు అక్టోబరు వాన పుస్తకాల్ని ప్రేమించదు.

అనంతపురం_బస్సు
సగం చదివి ఆపేసిన పుస్తకం ఏం చేయాల? కొన్ని నాకు ఎక్కవు మరి.

ఊదా_లైన్
నూరు పేజీలు దాటి ఆపేస్తే ఆపిన కారణం నాలుగు వాక్యాలు రాసి అర గడి వేసుకోండి. రెండు అరలు కలిస్తే ఒకటి, ఏడాదికి రెండు అరలకి మించి వద్దు. "బోర్ కొట్టింది" అని ఒక్క ముక్క రాస్తే చెల్లదు, ఏ పేజీ దగ్గర, ఎందుకు అన్నది కావాలి.

వయసు విషయం ఎవరూ అడగలేదు, నేనే చెప్తున్నా: సభ్యులు 18 నిండినవాళ్లే. పుస్తకాలు టీనేజర్లవి, గ్రూపు పెద్దవాళ్లది.

మడివాళ_మెట్లు
'సైమన్' ప్రతులు నా దగ్గర రెండున్నాయి. ఇంకో మూడు కావాలి. ఆర్‌వీ రోడ్ వైపు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ మారుపేరుతోనే రాయండి, ఫోన్ నంబర్ పెట్టొద్దు.